పిడి లేని కత్తి: డార్మ్‌స్టాట్ పరిసరాల్లో పాత స్పోర్ట్స్ కారు చరిత్ర

1798లో గ్యోటింగెన్ నగరం నుంచి వెలువడిన ఒక చిన్న పంచాంగ పుస్తకంలో ఒక వేలంపాట జాబితా అచ్చయింది. ఒక ఆంగ్ల ప్రభువు ఇంట్లోని వింత వస్తువులను వచ్చే వారం బహిరంగంగా వేలం వేయబోతున్నారని చెప్తూ, ఆ వస్తువులను ఒక్కొక్కటిగా పరిచయం చేసే జాబితా అది. అందులో మొట్టమొదటి వస్తువు ఒక కత్తి. దానికి అలుగు లేదు. ఆపైన పిడి కూడా లేదు. జాబితా అంతా పరిహాసమే. వేలమూ లేదు, ప్రభువూ లేడు. రాసినవాడు గ్యోటింగెన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడు గేయోర్గ్ క్రిస్టోఫ్ లిష్టెన్‌బెర్గ్. చిన్నతనం నుంచే వెన్నెముక వంగి, గూనితో, ఊపిరి చాలని ఛాతీతో బతికిన ఈ మనిషి 1742లో డార్మ్‌స్టాట్ పొరుగున ఉన్న ఓబర్-రామ్‌స్టాట్‌లో పుట్టాడు; బడి చదువు డార్మ్‌స్టాట్‌లో సాగింది.

అలుగూ పిడీ రెండూ పోయాక మిగిలిన కత్తి ఏమిటి? వేలం జాబితాలో దాని పేరు. ఆ పేరుకు కూడా ధర పలుకుతుందని లిష్టెన్‌బెర్గ్ వెక్కిరింత. ఆయన పుట్టిన ఊళ్లోనే, దాదాపు రెండు శతాబ్దాల తర్వాత, మోటారు కార్ల కర్మాగారం వెలిసింది. ఆ ఊరికి పక్కనే సాగే రహదారి మీద కార్ల వేగానికి ప్రపంచ రికార్డులు పడ్డాయి, ఒక ప్రాణమూ పోయింది. ఆ కార్లలో మిగిలిన ముక్కలు తర్వాతి కాలంలో నిజమైన వేలం జాబితాల్లోకి ఎక్కాయి. పునరుద్ధరించిన పాత స్పోర్ట్స్ కారును కొనేవారు నిజానికి దేనికి డబ్బు చెల్లిస్తున్నారు అన్న ప్రశ్నను పరిశీలించడానికి ఇంతకంటే అనువైన చోటు మరొకటి దొరకడం కష్టం.

ఓబర్-రామ్‌స్టాట్ కార్లు

మొదటి ప్రపంచయుద్ధంలో విమానాలు నడిపిన హాన్స్ గుస్తావ్ రోర్ 1920ల మధ్యలో ఓబర్-రామ్‌స్టాట్‌కు వచ్చాడు. ఫాల్కన్ అనే కార్ల కంపెనీ దివాలా తీసి అక్కడ ఒక ఖాళీ కర్మాగారాన్ని వదిలివెళ్లింది. అందులో రోర్ తన పేరుతోనే కంపెనీ పెట్టాడు. ఆయన తెచ్చిన ఎనిమిది సిలిండర్ల కారు స్పోర్ట్స్ కారు కాదు గాని, తర్వాతి తరం స్పోర్ట్స్ కార్ల నిర్మాణానికి అవసరమైన ఆలోచన అందులో ఉంది. నాలుగు చక్రాలూ దేనికది స్వతంత్రంగా పైకీ కిందికీ కదిలే ఏర్పాటు, నేలకు బాగా దగ్గరగా ఉండే చట్రం: విమానాలు కట్టేవారి దృష్టి ఇది. బరువు తగ్గించి, గురుత్వకేంద్రాన్ని కిందికి దించితే మలుపులో కారు పల్టీకొట్టదన్న లెక్క. ఆనాటి జర్మన్ కార్లలో చాలావాటికి ముందూ వెనకా ఇంకా బండి ఇరుసులే ఉన్నాయి.

కారు మంచిదే, కాలం మంచిది కాదు. ఆర్థికమాంద్యంలో 1930 నాటికి కంపెనీ కుప్పకూలింది. రోర్ తన సహచర ఇంజినీరు యోసెఫ్ డాబెన్‌తో కలిసి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఆడ్లర్ కంపెనీకి వెళ్లి, అక్కడ ముందుచక్రాలు లాగే ట్రుంఫ్ కారును రూపొందించాడు. 1937లో, డైమ్లర్-బెంజ్‌లో పనిచేస్తున్నప్పుడు, న్యుమోనియాతో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 42. పెనిసిలిన్ వైద్యుల చేతికి రావడానికి ఇంకా కొన్నేళ్లు ఉంది. ఓబర్-రామ్‌స్టాట్‌లో ఆయన పేరుతో మరో యాజమాన్యం నడిపిన కర్మాగారం చెక్ కంపెనీ టాట్రా అనుమతితో చిన్న కారొకటి తయారుచేసి, 1935లో మూతపడింది.

ఇలా మూతపడిన కంపెనీ కారును కొనేవారి ఇబ్బంది పోర్షే, మెర్సిడెస్ కొనేవారికి ఉండదు. ఆ పెద్ద కంపెనీలు సొంత దస్తావేజుల విభాగాలు నడుపుతాయి. ఫలానా చాసిస్ నంబరు కారు ఏ రోజున, ఏ రంగుతో, ఏ ఇంజను నంబరుతో కర్మాగారం గడప దాటిందో పాత పుస్తకాల్లో చూసి చెప్పగలవు. విడిభాగాలను మళ్లీ తయారుచేయించగలవు. రోర్ కారుకు విడిభాగం కావాలంటే, చితికిపోయిన మరో రోర్ కారు దొరకాలి. రెండు చచ్చిన కార్ల నుంచి ఒక బతికిన కారు పుడుతుంది. అప్పుడు దానికి ఏ కారు పేరు పెట్టాలి, ఏ నంబరు వేయాలి అన్నది అనామక కారు విషయంలో పెద్ద తగాదా కాదు. ధర కోట్లలోకి వెళ్లినప్పుడే ఆ ప్రశ్నకు పదును వస్తుంది.

రహదారి, రికార్డు, శకలాలు

1935 మే 19న ఫ్రాంక్‌ఫర్ట్–డార్మ్‌స్టాట్ మధ్య ఆటోబాన్ ప్రారంభమైంది. నాజీ ప్రభుత్వం తన ఘనతగా ఎంత చాటుకున్నా ఇలాంటి రహదారి ఆలోచన ఆ ప్రభుత్వానికి ముందునాటిదే. కాని ప్రచారానికి రహదారి పనికొచ్చినట్టే, దాని మీది వేగమూ పనికొచ్చింది. గీత గీసినట్టు తిన్నగా సాగే ఈ భాగం మీద మెర్సిడెస్-బెంజ్, ఆటో యూనియన్ కంపెనీలు పోటాపోటీగా వేగ ప్రదర్శనలు నిర్వహించాయి.

1938 జనవరి 28 ఉదయం రుడాల్ఫ్ కరాచోలా మెర్సిడెస్ కారులో గంటకు 432.7 కిలోమీటర్ల సగటు వేగం సాధించాడు. మామూలు రహదారి మీద ఆ రికార్డును దాటడానికి 2017 వరకూ, అమెరికాలోని నెవాడా రోడ్డు వరకూ ఆగాల్సివచ్చింది. అదే ఉదయం దాన్ని అధిగమించాలని ఆటో యూనియన్ కారులో బయలుదేరిన బెర్ంట్ రోజమాయర్, లాంగెన్–మ్యోర్‌ఫెల్డెన్ సమీపంలో అదుపుతప్పి చనిపోయాడు. వయసు 28. పక్కనుంచి వీచిన గాలి కారణమని ఎక్కువమంది నమ్మకం. అక్కడ, నేటి ఏ5 రహదారి పక్కన ఆయన స్మారకం ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో దిగి డార్మ్‌స్టాట్‌కు కారులో వెళ్లే తెలుగువారు ఆ దారినే వెళ్తుంటారు.

ఆ కారు ముక్కలైంది సరే, మిగిలిన ఆటో యూనియన్ కార్ల సంగతి మరింత చిత్రమైనది. కంపెనీ పందెపు కార్ల విభాగం సాక్సనీలోని త్స్విక్కావులో ఉండేది. 1945లో ఆ ప్రాంతం సోవియట్ సేనల చేతికి వచ్చింది. అక్కడ దొరికిన కార్లను యుద్ధ నష్టపరిహారం కింద రైళ్లకెక్కించి తూర్పుకు తరలించారు. పరిశోధన సంస్థలకూ కర్మాగారాలకూ పంచారు. అధ్యయనం అయిపోయాక చాలావరకు తుక్కు కింద పోయాయి. 1976లో మాస్కోలో తుక్కుకు పోబోతున్న ఒక కారును లాత్వియాకు చెందిన విక్టోర్స్ కుల్బర్గ్స్ కాపాడి రీగాకు చేర్చాడు. కొండ దారుల పందేల కోసం తయారైన కారు అది: టైపు డి చట్రం, టైపు సి నాటి 16 సిలిండర్ల ఇంజను. చివరికి ఆటో యూనియన్ వారసురాలైన ఆడి సంస్థకూ రీగా మ్యూజియానికీ మధ్య ఒప్పందం కుదిరి, అసలు కారు జర్మనీకి వెళ్లింది, దాని నకలు రీగాలో నిలబడింది. ఏది అసలో, ఏది నకలో ఇద్దరికీ తెలుసు, చూడవచ్చినవారికీ తెలుసు. అందుకే అక్కడ తగాదా లేదు.

అమెరికాలో స్థిరపడిన సేకర్త పాల్ కరాసిక్ కథ ఇంత సాఫీగా సాగలేదు. ఆయన ఏళ్ల తరబడి సోవియట్ దేశమంతా తిరిగి, రష్యాలో, ఉక్రెయిన్‌లో దొరికిన టైపు డి చట్రాలూ ఇంజన్లూ గేర్‌బాక్సులూ పోగుచేశాడు. వాటిని ఇంగ్లండులోని క్రాస్‌వెయిట్ అండ్ గార్డినర్ అనే షెడ్డుకు అప్పగించాడు. ఎముకలు పాతవి, చర్మం కొత్తది: పైరేకు మొత్తం మళ్లీ కొట్టించినదే. అలా రెండు కార్లు లేచి నిలబడ్డాయి. 2007 ఫిబ్రవరిలో క్రిస్టీస్ సంస్థ వాటిలో ఒకదాన్ని పారిస్‌లో వేలానికి పెట్టింది. అంచనా ధర కోటీ ఇరవై లక్షల డాలర్ల పైమాట. వేలానికి ముందే ఆ చాసిస్ ఏ ఏ పందేల్లో పాల్గొన్నదన్న విషయంలో సందేహాలు తలెత్తాయి, అమ్మకం ఆగిపోయింది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. లోహాన్ని ఎవరూ శంకించలేదు. అది ఆటో యూనియన్ లోహమే. ఇంజను మోగుతుంది, కారు నడుస్తుంది. శంకించినదల్లా ఆ లోహం 1939లో ఫలానా ఆదివారం ఫలానా పందెంలో ఉన్నదా లేదా అన్నదే. లక్షల డాలర్ల తేడా తెచ్చినది ఇనుము కాదు, దాని గతం. ఆ కార్లలో ఒకదాన్ని 2012లో ఆడి సంస్థ తీసుకుంది. అప్పుడు ఇలాంటి గొడవ రాలేదు.

రథమూ న్యాయమూర్తీ

గ్రీకు రాజు మిలిందుణ్ణి బౌద్ధ భిక్షువు నాగసేనుడు అడిగిన ప్రశ్న మనకు తెలిసినదే. రాజు రథమెక్కి వచ్చాడు గదా, ఆ రథమంటే ఏమిటి? చక్రమా, ఇరుసా, నొగలా? ఒక్కొక్కటీ కాదంటూ పోతే చివరికి రథమన్నది ఆ భాగాల కూర్పుకు పెట్టుకున్న పేరు మాత్రమేనని తేలుతుంది. లిష్టెన్‌బెర్గ్ కత్తికీ ఇదే తర్కం. అయితే భిక్షువుకు రథాన్ని అమ్మే పని లేదు. ఆ ప్రశ్నకు రూపాయలూ పౌండ్లూ ముడిపడినప్పుడు దాన్ని తాత్త్వికులు కాదు, న్యాయమూర్తులు తేల్చాలి.

1990లో లండన్ హైకోర్టుకు వచ్చిన వ్యాజ్యం అలాంటిదే. బెంట్లీ కంపెనీ పందెపు కారొకటి, ‘ఓల్డ్ నంబర్ వన్’ అని పేరుబడినది, 1929లోనూ 1930లోనూ లమాన్ 24 గంటల పందెం గెలిచింది. రెండుసార్లూ నడిపినవారిలో వోల్ఫ్ బార్నాటో ఒకడు. తర్వాత దానికి చట్రం మారింది. 1932లో పాత ఇంజను తీసేసి ఎనిమిది లీటర్ల పెద్ద ఇంజను పెట్టారు. అదే సంవత్సరం సెప్టెంబరులో బ్రూక్‌లాండ్స్ పందెంలో అది గట్టు దాటి పడిపోయి, నడుపుతున్న క్లైవ్ డన్ఫీ మరణించాడు. శకలాలను బార్నాటో మళ్లీ కట్టించి, పైకప్పు ఉన్న రోడ్డు కారుగా మార్చుకున్నాడు. ఆ కారును ఎడ్వర్డ్ హబ్బర్డ్ కోటి పౌండ్లకు మిడిల్‌బ్రిడ్జ్ సిమిటర్ అనే కంపెనీకి అమ్మజూపాడు. కొనేవారు ఇది ఆ కారే కాదన్నారు.

న్యాయమూర్తి ఆటన్ ముందుకు వచ్చిన నిపుణుల సాక్ష్యం ఒక శవపరీక్ష నివేదికను తలపిస్తుంది. 1929లో పందెం గెలిచిన కారులో, కాలం నిర్ణయించడానికి వీల్లేని చిన్నచిన్న అమరికలు తప్ప ఏదీ మిగల్లేదు. 1930 కారులో మిగిలినవి పెడల్ ఇరుసు, గేర్‌బాక్స్ పెట్టె, స్టీరింగ్ కాడ. అంతే. ఈ లెక్కన కొనుగోలుదారు గెలవాలి. కాని న్యాయమూర్తి మరో దారిలో ఆలోచించాడు. ఈ కారు ఎప్పుడూ విడివిడి ముక్కలుగా చెదిరిపోయి, తర్వాత ఎవరో ఏరుకొచ్చి కట్టినది కాదు. పందెం నుంచి పందేనికి, మరమ్మతు నుంచి మరమ్మతుకు, మధ్యలో ఎక్కడా తెగిపోకుండా సాగివచ్చింది. ఆ ధారను కాదని ఆ పేరు చెప్పుకోగల మరో కారు ప్రపంచంలో లేదు. కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్ అని తీర్పు చెప్పాడు. మన ఒంట్లోని ఎముక కూడా కొన్నేళ్లకొకసారి తనను తాను కరిగించుకుని తిరిగి కట్టుకుంటూనే ఉంటుంది. అందువల్ల ఎవరి ఆస్తి హక్కూ రద్దు కాలేదు.

కరాసిక్ కార్లకు ఈ కొలమానం వర్తిస్తుందా? వర్తించదనే అనాలి. వాటిలో పాత లోహం ఓల్డ్ నంబర్ వన్‌లో కంటే చాలా ఎక్కువ, కాని మధ్యలో ధార తెగింది. అయిదు దశాబ్దాల పాటు అవి కార్లుగా లేవు. అంటే పాత లోహం ఉండి చరిత్ర తెగినది ఒకటి, చరిత్ర ఉండి లోహం పోయినది మరొకటి. న్యాయస్థానం రెండోదానికి పేరు నిలబెట్టింది.

తెలుగునాట ఈ విషయంలో ఎవరూ కోర్టుకు వెళ్లరు. కోనసీమలోని అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో కాలి బూడిదైంది. పాత రథంలోని కర్ర పుల్ల కూడా పనికిరాని స్థితిలో, టేకుతో పూర్తిగా కొత్త రథం కట్టించారు. 2021 ఫిబ్రవరిలో రథసప్తమి నాడు అది కదిలింది. దాన్ని ఎవరూ నకలు అనరు. అది స్వామి రథమే. ఎందుకంటే ఆ రథం విలువ కర్రలో లేదు, అందులో కూర్చునే దేవుడిలో ఉంది. కారులో కూర్చున్నవాడు రోజమాయర్ అయితే, ఆ దేవుడు ఇక మళ్లీ ఎక్కడు. అందుకే కారు కొనేవారు చెక్కకూ ఇనుముకూ అంతగా వేలాడతారు.

అలిసిన ఇనుము

అసలు భాగం ఎంత ఎక్కువ మిగిలితే కారు అంత విలువైనదని సేకర్తల నమ్మకం. ఇంజినీర్లకు అది భయం కలిగించే మాట. దానికి కారణం తెలుసుకోవాలంటే మళ్లీ డార్మ్‌స్టాట్‌కే రావాలి.

పందొమ్మిదో శతాబ్దంలో ప్రష్యా రైల్వే ఇంజినీరు ఆగస్ట్ వ్యోలర్, రైలు ఇరుసులు తాము మోయగల బరువుకంటే చాలా తక్కువ బరువుకే ఎందుకు విరిగిపోతున్నాయో పరిశోధించాడు. ఒకే బరువును ఒకేసారి మోస్తే నిలిచే ఉక్కు, అదే బరువును లక్షలసార్లు మోస్తే పగులుతుంది. డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆగస్ట్ టూమ్ ఈ పరిశోధనను యంత్రభాగం ఆకారానికి ముడిపెట్టాడు: ఎక్కడ మూల ఉందో, రంధ్రం ఉందో, గాటు పడిందో అక్కడే పగులు మొదలవుతుంది. ఎర్నెస్ట్ గాస్నర్ మరో అడుగు ముందుకు వేశాడు. నిజ జీవితంలో ఏ భాగమూ ఒకే బరువును మోయదు. గుంతలో పడ్డప్పుడు ఒక దెబ్బ, బ్రేకు వేసినప్పుడు ఒక లాగుడు, తిన్నని రోడ్డు మీద సన్నని వణుకు. ఈ మిశ్రమ భారాన్ని ప్రయోగశాలలో అంచెలంచెలుగా పునఃసృష్టించి, భాగం ఆయువును అంచనా వేసే పద్ధతిని 1939లో ప్రతిపాదించాడు. విమానాల కోసం మొదలైన ఈ శాస్త్రం యుద్ధం తర్వాత కార్లకు వచ్చింది. గాస్నర్ నాయకత్వం వహించిన డార్మ్‌స్టాట్ ప్రయోగశాల నేడు ఫ్రాన్‌హోఫర్ సంస్థల్లో ఒకటి.

ఈ జ్ఞానాన్ని పాత స్పోర్ట్స్ కారుకు అన్వయిస్తే ఒక చిక్కుముడి ఎదురవుతుంది. 1930లలో గాని 1950లలో గాని పందెం గెలిచిన కారులోని స్టీరింగ్ కీలు, ముందుచక్రపు ఇరుసు, సస్పెన్షన్ చెయ్యి ఆ కారు గతానికి నిజమైన సాక్షులు. అవే అన్నిటికంటే ఎక్కువ అలిసిపోయినవి. అలసట బయటికి కనబడదు. మెరుగుపెట్టిన ఉక్కు లోపల వెంట్రుకవాసి పగులు, ఏ లక్షణమూ చూపని రోగిలో పెరుగుతున్న రక్తనాళపు ఉబ్బులాగా, చివరి రోజు వరకూ మౌనంగా ఉంటుంది. ఆనాటి పందెపు కార్లలో బరువు తగ్గించడానికి మెగ్నీషియం మిశ్రమలోహంతో పోతపోసిన పెట్టెలు విరివిగా వాడేవారు. అవి ఏళ్లు గడిచేకొద్దీ తేమకు తినివేతకు గురై పెళుసెక్కుతాయి. మరో విపరీతం: అందం కోసం బలమైన ఉక్కు భాగాలకు క్రోమ్ పూత వేయిస్తే, ఆ ప్రక్రియలో లోహంలోకి చొరబడిన హైడ్రోజన్ దాన్ని గాజులా చేయగలదు. పూత తర్వాత సరైన వేడిలో కాల్చకపోతే ఆ భాగం పూతకు ముందుకంటే ప్రమాదకరం. అద్దంలా మెరిసే పునరుద్ధరణ కొన్నిసార్లు అలా ప్రాణాంతకం.

అందువల్ల మంచి పునరుద్ధరణకారులు ఇలాంటి భాగాలకు అయస్కాంత కణాలతోనో రంగు ద్రావకంతోనో పగుళ్ల పరీక్ష చేయిస్తారు. అనుమానమొస్తే కొత్త భాగం వేసి, పాతదాన్ని పెట్టెలో పెట్టి కారుతోపాటే అప్పగిస్తారు. కొనేవారు ఆ పెట్టె గురించి అడగడం ఎంతో ముఖ్యం. నడపడానికి కొత్త భాగం, సాక్ష్యానికి పాత భాగం: చిక్కుముడికి ఇప్పటిదాకా దొరికిన మేలైన జవాబు ఇదే. “అంతా అసలుదే” అని గొప్పగా చెప్పే అమ్మకందారు తనకు తెలియకుండానే కొనేవారి మెడకు ఉరి చూపుతుండవచ్చు.

హెచ్ అక్షరం

జర్మనీలో పాత కారుకు నంబరు పలక చివర హెచ్ అక్షరం దక్కుతుంది. చారిత్రక వాహనమని దాని అర్థం. 1997 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ పద్ధతి ప్రకారం కారు మొదటిసారి రోడ్డెక్కి కనీసం 30 ఏళ్లు నిండాలి; చాలావరకు అసలు స్థితిలోనే ఉండాలి; బాగా పరిరక్షించబడి ఉండాలి. చట్టం ఇలాంటి కార్లను వాహన సాంకేతికతకు సంబంధించిన సాంస్కృతిక సంపదగా పేర్కొంటుంది. కోటనూ గోపురాన్నీ గురించి మాట్లాడే భాష ఇది. ప్రయోజనాలు మాత్రం లౌకికమైనవి. ఇంజను ఎంత పెద్దదైనా ఏడాదికి సుమారు 191 యూరోల స్థిర పన్ను. పొగ నియంత్రణ మండలాల్లోకి స్టిక్కరు లేకుండా ప్రవేశం. డార్మ్‌స్టాట్ నగరం 2015 నవంబరు నుంచి అలాంటి మండలమే. ఈ ధ్రువీకరణ చేసే సంస్థల్లో ఒకటైన ట్యూఫ్ హెస్సెన్ ప్రధాన కార్యాలయం కూడా ఈ నగరంలోనే ఉంది.

ఆ ధ్రువపత్రం కాగితమే కాదు, హామీ కూడా అని జర్మన్ అత్యున్నత న్యాయస్థానం బీజీహెచ్ 2013 మార్చి 13న తేల్చింది. 17,900 యూరోలకు అమ్ముడైన ఒక మెర్సిడెస్ 280 ఎస్‌ఈ విషయంలో వచ్చిన వ్యాజ్యమది. పాత కారుగా నిపుణుల ఆమోదం ఉన్నదన్న మాట అమ్మకం ఒప్పందంలో రాసి ఉంది. తర్వాత చూస్తే రేకు లోలోపల తుప్పుపట్టి తినేసి ఉంది; అంతకుముందు చేసిన టింకరింగు దాన్ని కప్పిపెట్టింది. ఆమోదపత్రం ఇచ్చాం, అంతవరకే మా బాధ్యత అన్నది అమ్మకందారు వాదన. కింది కోర్టుకు అది నచ్చింది, బీజీహెచ్‌కు నచ్చలేదు. ఆ మాట రాయడమంటే, ఆ ఆమోదానికి తగిన స్థితిలో కారు నిజంగా ఉన్నదని ఒప్పుకోవడమేనని తీర్పు చెప్పింది. ఒప్పందంలో ఇరికించిన ఒకే ఒక పంక్తి బరువు ఎంతో దీనివల్ల తెలుస్తుంది. జర్మనీలో పాత కారు కొనేవారు మెరిసే రంగును చూడడానికి ముందు ఆ పంక్తిని చదవాలి. రంగు కింద పుట్టీ ఎంత మందాన ఉందో అయస్కాంతంతో పనిచేసే చిన్న పరికరం క్షణంలో చెప్తుంది. పంక్తి లేకపోతే ఆ తెలివిడితో కోర్టులో నిలవడం కష్టం.

మార్పులు చేసిన కార్ల సంగతి వేరు. మొదటి రిజిస్ట్రేషన్ తర్వాతి పదేళ్లలో చేసిన మార్పులు, లేదా ఆ కాలంలో మామూలుగా దొరికిన సామగ్రితో చేసినవి, అసలు స్థితిలో భాగంగానే లెక్కకొస్తాయి. 1972 నాటి కారుకు 1978లో ఎవరో పందెపు సీటు బిగించి ఉంటే అది చరిత్ర. 2018లో బిగిస్తే అది మార్పు. కాలిఫోర్నియాలో 2009లో మొదలైన సింగర్ సంస్థ 1989–94 నాటి పోర్షే 911లను తీసుకుని, పాత రూపంలో కొత్త ఇంజనూ కొత్త రేకూ కూర్చి అమ్ముతుంది. అవి అద్భుతమైన కార్లే, వాటి ధరలు ఆ సంగతి చెప్తాయి. అక్కడ మోసం లేదు. పాత కారు అని ఎవరూ అనడం లేదు. ప్రమాదమంతా మధ్యలో ఉన్నవాటితోనే. సగం మార్చి, ఆ సంగతి చెప్పకుండా, అసలైనదని అమ్మేవి. ఇంజను నంబరును చెరిపి మళ్లీ కొట్టడం, కాలిపోయిన కారు నంబరు పలకను వేరే ఒంటికి అతికించడం, ఒకే నంబరుతో రెండు కార్లు రెండు ఖండాల్లో తిరగడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు.

ఫివా అనే అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య 2012లో ట్యూరిన్ నగరంలో ఆమోదించిన నియమావళి ఈ విషయంలో స్పష్టంగా ఉంది. భవనాల సంరక్షణకు 1964లో వెనిస్‌లో కుదిరిన నియమావళి దానికి మాతృక. వేసే కొత్త భాగం కొత్తదని తెలిసేలా గుర్తు ఉండాలి. చేసిన పనంతా రాసిపెట్టాలి. వీలైనంతవరకు మళ్లీ వెనక్కి తీయగలిగేలా చేయాలి. వైద్యులకు ఇందులో కొత్తదనమేమీ కనబడదు. ఆపరేషన్ చేసినవాడు ఏం తీశాడో, ఏం పెట్టాడో కేస్ షీటులో రాయకపోతే, తర్వాత చూసేవాడు రోగి కడుపును మళ్లీ కోసి చూడాల్సిందే. పాత కారు కొనేటప్పుడు ఇంజను మోగించి వినడానికి ముందు అడగవలసినది ఆ కేస్ షీటే: పునరుద్ధరణ దశల ఫొటోలు, షెడ్డు రసీదులు, మార్చిన భాగాల జాబితా, పాత యజమానుల వరుస. నాలుగు పెట్టెల కాగితాలతో వచ్చే తుప్పు మచ్చల కారు, ఒక్క కాగితమూ లేని తళతళలాడే కారుకంటే చాలాసార్లు మెరుగైన బేరం.

హైదరాబాదు కార్లు

ఈ కొలమానాన్ని స్వదేశానికి తెస్తే కథ తలకిందులవుతుంది. భారత ప్రభుత్వం 2021 జులైలో మొదటిసారిగా పాత వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్లు దాటాలి; కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు; పదేళ్ల గడువు; నంబరు పలక మీద వీఏ అక్షరాలు. చాసిస్‌లో గాని ఒంటి రేకులో గాని ఇంజనులో గాని చెప్పుకోదగ్గ మార్పు జరగకూడదని నిబంధన. జర్మనీ నియమం కాలానికి తగిన మార్పును క్షమిస్తుంది. భారతీయ నియమం కాగితం మీద దేన్నీ క్షమించదు.

నిజాం కోసం 1912లో ఇంగ్లండులో తయారైన పసుపుపచ్చని రోల్స్-రాయిస్ సిల్వర్ ఘోస్ట్ నేడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. రాజుల కార్లకు లెక్కలు రాసినవారున్నారు, కాబట్టి వాటి చరిత్ర కొంతైనా నిలిచింది. ప్లీడర్లూ డాక్టర్లూ జమీందార్లూ కొనుక్కున్న కార్లకు ఆ భాగ్యం లేదు. దిగుమతులు బిగుసుకుపోయిన దశాబ్దాల్లో విదేశీ విడిభాగం దొరకడం గగనం. పిస్టన్ పోతే లేత్ మెషిన్ మీద కొత్తది తోడించారు. గేర్ పన్ను విరిగితే వెల్డింగ్ పెట్టి ఆకురాయితో అరగదీశారు. ఇంజనే పోతే అంబాసిడర్‌దో జీపుదో ఎక్కించి నడిపారు. ఆ కార్లు ఈనాటికీ బతికి ఉండడానికి కారణం ఆ మార్పులే. ఇప్పుడు వాటినే మార్పులు చేసినవని తోసిపుచ్చే అవకాశం నిబంధనలో ఉంది. రిజిస్ట్రేషన్ కోసం ఆర్టీఓ ఆఫీసులో చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకునే అలవాటు చాలాకాలంగా ఉంది. ఎన్నో కార్లకు ఆ పెన్సిలు అచ్చు, ఒక చిరిగిన ఆర్‌సీ బుక్కు తప్ప మరో రుజువు లేదు. ఆ ఇంజను ఏ సంవత్సరంలో మారిందో, ఏ షెడ్డులో మారిందో ఇంట్లో పెద్దవారెవరికైనా గుర్తుంటే, ఆ సంగతి ఇప్పటికైనా తారీఖుతో సహా కాగితం మీద పెట్టి ఆర్‌సీ బుక్కులో ఉంచవచ్చు.